మైదానం ముచ్చట్లు: మూడు పిచ్‌ల అవతలి నుంచి ఒక్క కిక్

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా అమెరికా ఫుట్‌బాల్ మీదే ఉన్నాయి. కొందరు పిల్లల దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లు, కొందరు ఫోన్‌లో ఏదో వీడియో చూసి ఆశ్చర్యపోయినవాళ్లు. ఎటు తిరిగినా అడిగేది ఒకటే: అంత దూరం నుంచి బంతి ఎట్లా పోతుంది? నాకు చాలా ఇష్టమైన విషయం. అందుకే కబడ్డీ, క్రికెట్ ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, ఈసారి జాగా అంతా దీనికే ఇస్తున్నాను.

"మా అబ్బాయి దగ్గర, డల్లాస్ పక్కనున్న ప్లేనోలో ఆరు నెలలు ఉండి వచ్చాను. ఆదివారం వచ్చిందంటే ఎవరూ టీవీ ముందు నుంచి లేవరు. పేరేమో ఫుట్‌బాల్, ఆటంతా చేతులతోనే. మధ్యలో ఒకాయన వచ్చి ఒక్కసారి తన్ని వెళ్లిపోతాడు. దానికి మా మనవడు సోఫా ఎక్కి ఎగురుతాడు. ఏమిటి సార్ అది?"
ఒక రిటైర్డ్ టీచరమ్మ, నయీంనగర్, హనుమకొండ

అమ్మా, మీ మనవడు ఎగిరింది ఫీల్డ్ గోల్ చూసి. ముందు ఆట సంగతి కొంచెం చెబుతాను. మైదానం పొడవు 100 గజాలు, రెండు చివర్లా మరో 10 గజాల చొప్పున ఎండ్ జోన్. బంతి చేతికొచ్చిన జట్టుకు నాలుగు ఛాన్సులు. ఆ నాలుగింట్లో 10 గజాలు ముందుకు జరిగితే మళ్లీ నాలుగు ఛాన్సులు ఇస్తారు, జరగకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. ఎండ్ జోన్ దాకా మోసుకెళ్తే 6 పాయింట్లు. ఆ దారి మూసుకుపోయినప్పుడు, మామూలుగా నాలుగో ఛాన్సులో, కిక్కర్‌ను పిలుస్తారు. ఒకరు బంతిని నేల మీద నిలబెట్టి పట్టుకుంటారు, ఇతను తంతాడు. ఎదురుగా రెండు నిలువు పోస్టులు, వాటి మధ్య 10 అడుగుల ఎత్తున అడ్డంగా ఒక బార్. బంతి ఆ బార్ పైనుంచి, పోస్టుల మధ్య నుంచి పోతే 3 పాయింట్లు. పోస్టుల మధ్య జాగా 18 అడుగుల 6 అంగుళాలు మాత్రమే.

టీవీలో బంతి 47 గజాల గీత దగ్గర ఉందని చూపిస్తూనే 64 గజాల కిక్ అంటారు. మిగతా 17 గజాలు ఎక్కడివని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. పోస్టులు ఎండ్ జోన్‌కు ఆ చివర ఉంటాయి, అది 10 గజాలు. బంతి పట్టుకునేవాడు మిగతా వరుసకు దాదాపు 7 గజాలు వెనక కూర్చుంటాడు. అవి రెండూ కలపాలి.

మన క్రికెట్ పిచ్ 22 గజాలు. మూడు పిచ్‌లు వరసగా పరిస్తే 66 గజాలు. అక్కడి నుంచి తన్నిన బంతి పది అడుగుల బార్ దాటాలంటే ఎంత కష్టమో ఒకసారి అనుకోండి.

మీరు ఉండి వచ్చిన ప్లేనోలో పెరిగినవాడే డల్లాస్ కౌబాయ్స్ కిక్కర్ బ్రాండన్ ఆబ్రీ. ఇతని కథ మీ అబ్బాయికి తప్పకుండా నచ్చుతుంది. నోటర్‌డామ్ యూనివర్సిటీలో సాకర్, అంటే మనం ఫుట్‌బాల్ అనే ఆట, ఆడాడు. 2017లో కొత్త ఆటగాళ్ల ఎంపికలో టొరంటో ఎఫ్‌సీ క్లబ్బు మొదటి రౌండ్‌లోనే తీసుకుంది, కానీ సాకర్‌లో నిలదొక్కుకోలేకపోయాడు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా ఉద్యోగంలో చేరాడు. ఒకరోజు ఇంట్లో టీవీలో మ్యాచ్ చూస్తుంటే, ఈ పని నువ్వూ చేయగలవు కదా అని భార్య అన్నదట. ఆ మాట పట్టుకుని ఉద్యోగం చేస్తూనే ప్రాక్టీసు మొదలుపెట్టాడు. చిన్న లీగులో బర్మింగ్‌హామ్ జట్టుకు ఆడి, 2023లో కౌబాయ్స్‌లోకి వచ్చాడు. వచ్చీరాగానే వరసగా 35 ఫీల్డ్ గోల్స్ కొట్టాడు. 2024 సెప్టెంబర్‌లో 65 గజాల నుంచి కొట్టాడు. 2025 సెప్టెంబర్ 14న న్యూయార్క్ జెయింట్స్ మీద ఓడిపోతున్న మ్యాచ్‌లో, టైమ్ అయిపోతుండగా 64 గజాల నుంచి కొట్టి స్కోరు సమం చేశాడు, తర్వాత అదనపు సమయంలో గెలిపించింది కూడా అతని కిక్కే. ఆ ఇంట్లో మనవడు సోఫా ఎక్కకుండా ఎట్లా ఉంటాడమ్మా!

"సార్, అన్నిటికంటే దూరం నుంచి కొట్టిన రికార్డు ఎవరిది? అది ఎట్లా పెరుగుతూ వచ్చింది?"
ఇంజనీరింగ్ విద్యార్థి, కాజీపేట

రికార్డు జాక్సన్‌విల్ జాగ్వార్స్ కిక్కర్ కామ్ లిటిల్‌ది. 68 గజాలు, 2025 నవంబర్ 2న లాస్ వేగాస్‌లో. అంతకుముందు ఆగస్టులో ప్రాక్టీసు మ్యాచ్‌లో 70 గజాలు కూడా కొట్టాడు, కానీ సీజన్ మొదలుకాకముందు ఆడేవి రికార్డుల్లోకి ఎక్కవు.

అయితే నువ్వు రెండో ముక్క అడిగావు చూడు, అసలు ముచ్చట అక్కడ ఉంది. 1953లో బాల్టిమోర్ కోల్ట్స్ ఆటగాడు బర్ట్ రెచిచార్ 56 గజాల నుంచి కొట్టాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే అమెరికా ఫుట్‌బాల్ పెద్ద లీగులో, అతను ప్రయత్నించిన మొట్టమొదటి ఫీల్డ్ గోల్ అదే. ఆ రికార్డు 17 ఏండ్లు నిలిచింది. 1970లో టామ్ డెంప్సీ ఒక్క దెబ్బకు 63 చేశాడు. తర్వాత 43 ఏండ్లు దాన్ని దాటినవాడు లేడు. 1998లో జేసన్ ఎలమ్, 2011లో సెబాస్టియన్ యానికోవ్‌స్కీ, 2012లో డేవిడ్ ఏకర్స్ 63 దగ్గరే ఆగిపోయారు. 2013 డిసెంబర్ 8న మాట్ ప్రేటర్ 64 కొట్టాడు. 2021లో జస్టిన్ టక్కర్ 66, ఇప్పుడు లిటిల్ 68.

ఆ 43 ఏండ్లలో కిక్కర్లు బలహీనపడ్డారా అంటే లేదు, అంతకంతకూ మెరుగయ్యారు. మారింది మైదానం. డెంప్సీ కాలంలో పోస్టులు గోల్ గీత మీదే ఉండేవి. 1974లో వాటిని 10 గజాలు వెనక్కి జరిపారు. డెంప్సీ తన్నిన చోటు నుంచే ఇవాళ తన్నితే 73 గజాలు అవుతుంది. దూరం అప్పుడూ ఇప్పుడూ ఒకటే, కానీ ఇప్పుడు 63 గజాల నుంచి కొట్టాలంటే జట్టు ముందు ఇంకో 10 గజాలు బంతిని మోసుకురావాలి.

ఇంకోటి కాలి సంగతి. పాతకాలంలో కిక్కర్లు నేరుగా ఎదురు పరుగెత్తి బొటనవేలి కొనతో తన్నేవారు. 1964లో బఫెలో బిల్స్ జట్టులోకి పీట్ గోగొలాక్ వచ్చాడు. హంగరీ నుంచి వలస వచ్చిన కుటుంబం వాళ్లది. అతను పక్క నుంచి ఏటవాలుగా వచ్చి, సాకర్‌లో తన్నినట్టు, పాదం పైభాగంలోని ఎముకతో తన్నాడు. బంతికి తగిలే జాగా పెద్దదవుతుంది, తుంటి దగ్గర నుంచి కాలు మొత్తం తిరిగి వస్తుంది కాబట్టి వేగమూ పెరుగుతుంది. అతని వెనక చాలామంది బయటి దేశాలవాళ్లు వచ్చారు. వాళ్లలో నాకు బాగా నచ్చినవాడు నార్వేవాడైన యాన్ స్టెనెరుడ్. అతను అమెరికా వచ్చింది మంచు మీద స్కీ జంపింగ్ స్కాలర్‌షిప్ మీద. కిక్కర్ పని తప్ప వేరే ఏదీ చేయకుండా హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కిన మొదటివాడు అతనే, 1991లో. వేలి కొనతో తన్నిన పూర్తిస్థాయి కిక్కర్లలో ఆఖరివాడు మార్క్ మోస్లీ, 1986లో ఆట మానేశాడు.

గాలి కూడా లెక్కలోకి వస్తుంది. పైన చెప్పినవాళ్లలో ఎలమ్, యానికోవ్‌స్కీ, ప్రేటర్ ముగ్గురూ కొట్టింది డెన్వర్‌లోనే. ఆ ఊరు 5,280 అడుగుల ఎత్తున ఉంటుంది, అక్కడ గాలి పలచన, బంతిని అంతగా ఆపదు. టక్కర్, లిటిల్ కొట్టినవి పైకప్పు ఉన్న స్టేడియాల్లో, అక్కడ ఈదురుగాలి బాధ లేదు.

ఇక బంతి. కొత్త బంతి తోలు గట్టిగా, నున్నగా ఉంటుంది. పూర్వం కిక్కర్లు దాన్ని రకరకాలుగా మెత్తబరిచేవారు. అది ఆపడానికి 1999 నుంచి కిక్‌లకు వేరే బంతులు పెట్టి, మ్యాచ్ రోజే విప్పి ఇచ్చేవారు. 2025 నుంచి జట్లు వాటిని ముందుగానే తీసుకుని సిద్ధం చేసుకోవచ్చు. ఆ సంవత్సరం దూరాలు పెరగడానికి ఇదే కారణం అని కొందరి వాదన. బంతి సాయం కొంత ఉండొచ్చు, కాదనను. కానీ లిటిల్ పాత బంతుల కాలంలో పెరిగిన కుర్రాడే, ఆ కాలు ఒక్క ఏడాదిలో వచ్చింది కాదు. రికార్డు రికార్డే.

"నాకు పుట్టుకతో కుడి చేయి సరిగా ఎదగలేదు. బడిలో ఆటల పీరియడ్ వస్తే నన్ను చెట్టు కింద కూర్చోబెట్టి అందరి చెప్పులకు కాపలా పెట్టేవారు. పాదానికి వేళ్లు లేని ఒకాయన ఫుట్‌బాల్‌లో రికార్డు కొట్టాడని విన్నాను. ఫ్రెండ్స్‌కు చెబితే, అది ప్రత్యేకమైన బూటు వల్ల వచ్చిన రికార్డు, లెక్కలోకి రాదు అంటున్నారు. మీరేమంటారు సార్?"
డిగ్రీ విద్యార్థి, పరకాల

తమ్ముడూ, నీ ఉత్తరం చదివాక చాలాసేపు మనసు బాగాలేదు. నేను బతుకంతా పీడీగా, అంటే ఆటల మాస్టారుగా పనిచేసినవాణ్ని. ఆటల పీరియడ్ అందరిది. ఆ గంటలో ఏ పిల్లవాణ్నీ చెట్టు కింద కూర్చోబెట్టే హక్కు ఎవరికీ లేదు. నీకు జరిగింది తప్పు. అది చెప్పకుండా ముందుకు పోలేను.

నువ్వు విన్నది టామ్ డెంప్సీ గురించి. మిల్వాకీలో పుట్టాడు. కుడి పాదానికి వేళ్లు లేవు, కుడి చేతికి కూడా వేళ్లు లేవు. కాలేజీలో కిక్కర్‌గా మాత్రమే ఆడలేదు, డిఫెన్స్ వరసలో నిలబడి ఎదుటివాళ్లను గుద్దుకుంటూ ఆడాడు. 1969లో న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ జట్టులోకి వచ్చాడు.

1970 నవంబర్ 8. తులేన్ స్టేడియం. ఎదురుగా డిట్రాయిట్ లయన్స్, ఆ ఏడాది ప్లేఆఫ్‌కు వెళ్లిన గట్టి జట్టు. సెయింట్స్ పరిస్థితి దారుణం, ఆ సీజన్‌లో 14 మ్యాచ్‌లకు వాళ్లు గెలిచింది రెండే. కోచ్‌ను తీసేసి కొత్తాయన జె.డి. రాబర్ట్స్‌ను పెట్టారు, ఆయనకు ఇదే మొదటి మ్యాచ్. లయన్స్ 17, సెయింట్స్ 16. మిగిలింది 2 సెకన్లు. బంతి ఉన్నది సెయింట్స్ సొంత సగంలో. అప్పటి రికార్డు 56 గజాలు, ఇక్కడ కావలసింది 63. అట్లాంటి చోట నుంచి ఫీల్డ్ గోల్‌కు పంపడమంటే మామూలు మాట కాదు. డెంప్సీ వచ్చాడు, తన్నాడు, బంతి బార్ మీది నుంచి పడింది. 19-17. ఆ సీజన్‌లో గెలిచిన రెండింటిలో ఇది ఒకటి.

బూటు సంగతికి వస్తాను. పాదం ఆకారానికి సరిపోయేలా కుట్టించిన పొట్టి బూటు అది, ముందు భాగం బల్లపరుపుగా ఉంటుంది. ఆ చదును వల్ల బంతికి దెబ్బ సూటిగా తగిలిందని అప్పుడే కొందరు గొడవ చేశారు. 1977లో ఎన్‌ఎఫ్‌ఎల్ ఒక నియమం పెట్టింది: అట్లాంటి బూటు వేసుకున్నా, బంతికి తగిలే భాగం మామూలు కిక్ బూటులాగే ఉండాలని. దాన్ని డెంప్సీ రూల్ అనే పిలుస్తారు.

నేనేమంటానంటే, నేరుగా తన్నే ఆ కాలపు కిక్కర్లలో చాలామంది బూటు కొన చదునుగా చేయించుకున్నవాళ్లే. వాళ్లెవరూ 63 కొట్టలేదు. డెంప్సీ ఆ బూటుతో ఏండ్ల తరబడి ఆడాడు, ఎన్నో కిక్‌లు తప్పిపోయాయి, 63 మళ్లీ రాలేదు. బూటే కొట్టేదైతే ప్రతి ఆదివారం కొట్టాలి కదా. ఇంకో సంగతి, వేళ్లు లేని పాదంతో నిలబడి పరుగు తీసి ఒంటి బరువు మొత్తం ఒక కాలి మీద ఆపుకోవడం ఎంత కష్టమో నీ ఫ్రెండ్స్‌ను ఒకసారి ఆలోచించమను. రికార్డుల పుస్తకంలో ఆ 63 పక్కన చుక్క లేదు, గుర్తు లేదు, షరతు లేదు. అందరిలాగే అతని పేరు ఉంది.

డెంప్సీ 2020 ఏప్రిల్ 4న న్యూ ఓర్లీన్స్‌లో కరోనాతో పోయాడు. 73 ఏండ్లు. మనమందరం ఇళ్లలో తలుపులు వేసుకుని కూర్చున్న రోజులవి. ఆ వార్త చదివి నేను బాధపడ్డాను.

తమ్ముడూ, నీకు ఏ ఆట ఇష్టమో రాయలేదు. రాయి. ఒక్క చెయ్యితో ఆడగలిగేవి చాలా ఉన్నాయి. పారా అథ్లెటిక్స్ పోటీలు జిల్లా నుంచి పై దాకా జరుగుతాయి. వివరాలు కనుక్కుని నీకు విడిగా రాస్తాను.

"కొడితే మూడు పాయింట్లు వస్తాయి కదా. మరి ప్రతిసారీ 65, 70 గజాల నుంచి ఎందుకు ప్రయత్నించరు? పోయేదేముంది?"
ఒక పాఠకుడు, జగిత్యాల

పోయేది చాలా ఉందండి. 1974కు ముందు నిజంగానే పోయేది తక్కువ. కిక్ తప్పి బంతి ఎండ్ జోన్‌లోకి పోతే అవతలి జట్టు తన 20 గజాల గీత నుంచి మొదలుపెట్టేది. అందుకే ఆ రోజుల్లో దూరపు కిక్‌లు ధైర్యంగా తన్నేవారు. 1974లో నియమం మార్చి, తప్పిన కిక్ తర్వాత బంతిని జట్టు వరుస ఉన్న చోటికే తెచ్చారు. 1994లో ఇంకా గట్టిగా, తన్నిన చోటే ఎదుటి జట్టు చేతిలో పెట్టమన్నారు. 60 గజాల కిక్ తప్పితే అవతలివాళ్లకు బంతి సరిగ్గా మైదానం నడిమధ్యలో దొరుకుతుంది. అక్కడి నుంచి వాళ్లు రెండు మంచి పాస్‌లు వేస్తే చాలు. అందుకే ఈ పెద్ద దూరాలన్నీ ఎక్కువగా సగం ఆట చివర్లో, లేదా మ్యాచ్ ఆఖరి సెకన్లలో కనిపిస్తాయి. టైమ్ అయిపోయాక అవతలి జట్టుకు బంతి దొరికినా ఆడే సమయం ఉండదు.

అప్పుడు కూడా ప్రమాదం పూర్తిగా పోదు. 2021 సెప్టెంబర్ మనకు గుర్తుండే నెల. హనుమకొండ జేఎన్‌ఎస్ స్టేడియంలో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగింది అప్పుడే. అవి అయిన మరుసటి ఆదివారం, 26న, అమెరికాలో ఒకే మధ్యాహ్నం రెండు దూరపు కిక్‌లు పడ్డాయి. ఒకటి ప్రేటర్‌ది. అప్పటికి 64 గజాల రికార్డు అతనిదే. అరిజోనా జట్టు తరఫున జాక్సన్‌విల్‌లో, సగం ఆట ముగుస్తుండగా 68 గజాల నుంచి తన్నాడు. బంతి చాలలేదు. ఎండ్ జోన్ చివర్న నిలబడ్డ జమాల్ ఆగ్న్యూ దాన్ని పట్టుకుని, ఈ చివరి నుంచి ఆ చివరికి 109 గజాలు పరుగెత్తి 6 పాయింట్లు కొట్టేశాడు. కిక్ కోసం నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది దేహం బరువుగా ఉన్న లైన్‌మెన్. ముందువాళ్లను ఆపడం వాళ్ల పని, అంత వేగంగా పరుగెత్తేవాణ్ని తరిమి పట్టుకోవడం వాళ్ల వల్ల అయ్యే పని కాదు.

అదే మధ్యాహ్నం డిట్రాయిట్‌లో బాల్టిమోర్ రేవెన్స్ 16, లయన్స్ 17. ఆఖరి క్షణంలో టక్కర్ 66 గజాల నుంచి తన్నాడు. బంతి బార్ మీద పడి పైకి లేచింది. ఎటు పడుతుందో తెలియని ఆ ఒక్క క్షణం స్టేడియం మొత్తానికి టెన్షనే. బార్ అవతల పడింది. 19-17. ప్రేటర్ రికార్డు అట్లా పోయింది. డిట్రాయిట్ అభిమానులను తలచుకుంటే నాకు పాపం అనిపిస్తుంది. 1970లో డెంప్సీ చేతిలో ఓడిందీ వాళ్లే, స్కోరూ అదే.

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అన్నిటికంటే దూరపు ప్రయత్నం యానికోవ్‌స్కీది. 2008 సెప్టెంబర్ 28న ఓక్‌లాండ్ తరఫున 76 గజాల నుంచి తన్నాడు. చాలలేదు. పోలండ్‌లో పుట్టిన ఆ ఎడమకాలి కిక్కర్ మూడేండ్లకు డెన్వర్‌లో 63 కొట్టి డెంప్సీ సరసన నిలబడ్డాడు. తప్పిన 76ను కూడా నేను చిన్నచూపు చూడను. అంత దూరంలో నిలబెట్టి తన్నమనే నమ్మకం కోచ్‌కు కలగాలంటే ఆ కాలు ఎంత గట్టిదై ఉండాలి!

అరుదైన దారి ఒకటుంది. అవతలివాళ్లు గాల్లోకి తన్నిన బంతిని, నేను పరుగెత్తను అని చెయ్యెత్తి సైగ చేసి పట్టుకుంటే, అక్కడి నుంచే ఫీల్డ్ గోల్ తన్నే హక్కు ఆ జట్టుకు వస్తుంది. ఎదుటివాళ్లు 10 గజాల దూరంలో నిలబడాలి, మీదికి దూకడానికి వీల్లేదు. 2024 డిసెంబర్ 19న చార్జర్స్ కిక్కర్ కామెరన్ డికర్ ఇట్లా 57 గజాల నుంచి కొట్టాడు. అంతకుముందు ఇట్లా కొట్టింది 1976లో, అదే చార్జర్స్ జట్టు ఆటగాడు రే వర్షింగ్.

"కిక్కర్ పక్కన ఒకతను మోకాలి మీద కూర్చుని బంతిని వేలితో పట్టుకుంటాడు. అతనికి వేరే పనేమీ ఉండదా?"
ఇంటర్ విద్యార్థిని, నర్సంపేట

బిడ్డా, చాలా మంచి ప్రశ్న అడిగావు. అతన్ని హోల్డర్ అంటారు. అతను లేకపోతే ఈ రికార్డుల్లో ఒక్కటీ ఉండదు.

నా శిష్యుడు ఒకతను డల్లాస్ నుంచి వచ్చినప్పుడు నాకు ఒక ఫుట్‌బాల్ తెచ్చిచ్చాడు. చేతిలోకి తీసుకుంటే తోలు చిన్నచిన్న గింజలు తేలినట్టు గరుకుగా ఉంటుంది. రెండు కొనలూ మొనలు. ఒక పక్క తెల్లని లేసు కుట్లు ఉబ్బెత్తుగా వేలికి తగులుతాయి. సుబేదారిలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు పట్టుకెళ్లి, సాకర్ బాగా ఆడే ఒక కుర్రాడికి ఇచ్చాను. నేను మోకాలి మీద కూర్చుని పట్టుకున్నాను. బంతి కొన నేలకు ఆనించి, పై కొన మీద ఒక వేలు పెట్టాలి. లేసు వాడి వైపు తిరిగి ఉన్నప్పుడు వాడి పాదం ఆ ఉబ్బెత్తు మీద పడింది, బంతి కుడి పక్కకు మెలికలు తిరుగుతూ పోయి గడ్డిలో దొర్లింది. లేసు పోస్టుల వైపు తిప్పి, బంతిని నిటారుకు ఒక పిసరు నా వైపు వాల్చి పెట్టాక, వాడు అంతే బలంతో తన్నితే బంతి తల మీది నుంచి తల మీదికి తిరుగుతూ సాఫీగా లేచింది. ఇద్దరం ఎంత సంతోషపడ్డామో.

మేము తీరిగ్గా పెట్టుకున్నాం. అక్కడ ఆ వీలు లేదు. వరుసలో ఉన్న స్నాపర్ వంగి, కాళ్ల సందులోంచి తలకిందులుగా చూస్తూ, బంతిని వెనక్కి 7 గజాలు విసురుతాడు. బంతి గాల్లో తిరుగుతూ వస్తుంది. మంచి స్నాపర్ అయితే అది ఎన్ని చుట్లు తిరిగి హోల్డర్ చేతికి అందుతుందో ముందే లెక్క తెలిసి విసురుతాడు, లేసు సరైన వైపు తిరిగి వస్తుంది. రాకపోతే హోల్డర్ బంతిని కింద పెడుతూనే వేళ్లతో తిప్పాలి. స్నాప్ నుంచి కాలు తగిలేదాకా మొత్తం దాదాపు 1.3 సెకన్లు. ఆలస్యమైతే ఎదుటివాళ్ల చేతులు బంతికి అందుతాయి. దూరం తన్నేటప్పుడు బంతి తక్కువ ఎత్తున లేస్తుంది కాబట్టి అడ్డుపడే ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఈ పని చాలా జట్లలో పంటర్ చేస్తాడు. పంటర్ అంటే చేతిలోంచి బంతిని వదిలి, నేలను తాకకముందే తన్నేవాడు. గాల్లో వచ్చే బంతిని పట్టడం అతనికి రోజూ ఉండే పని. కిక్కర్, అతను, స్నాపర్ ముగ్గురూ ప్రాక్టీసులో రోజంతా కలిసే ఉంటారు.

డెంప్సీకి 1970లో బంతి పట్టింది జో స్కార్పాటి, విసిరింది జాకీ బర్కెట్. టక్కర్‌కు పట్టింది శామ్ కోచ్, విసిరింది నిక్ మూర్. లిటిల్‌కు లోగన్ కుక్, రాస్ మాటిసిక్. ఆ రికార్డుల పక్కన వీళ్ల పేర్లు కూడా రాయాలని నా కోరిక. ఎవరూ రాయకపోతే, కనీసం మన పత్రికలో ఈ నెల రాశాం.

"మా పిల్లలు వీడియోలు చూసి మేమూ తంతాం అంటున్నారు. మా బడిలో పోస్టులు లేవు. ఎట్లా మొదలుపెట్టాలి?"
ప్రభుత్వ పాఠశాల పీఈటీ, ములుగు జిల్లా

పోస్టులు అక్కర్లేదు సార్. రెండు పొడుగు వెదురు బొంగులు 18 అడుగుల ఎడంతో పాతి, 10 అడుగుల ఎత్తున అడ్డంగా తాడు కట్టండి. సాకర్ గోల్ ఉంటే అది సరిపోదు, దాని బార్ 8 అడుగులే, వెడల్పు 24 అడుగులు, పిల్లలకు అలవాటు తప్పుగా పడుతుంది. 15 గజాల నుంచి మొదలుపెట్టండి. ప్రతి ఇద్దరిలో ఒకరు తన్నాలి, ఒకరు పట్టాలి, తర్వాత మారాలి. ఉత్త కాళ్లతో, వేలి కొనతో తన్ననివ్వొద్దు, గోరు లేస్తుంది. తన్నే ముందు తొడ వెనక కండరాలు సాగదీయించండి. చలికాలం పొద్దున ఆ కండరం పట్టేస్తే పిల్లవాడు చాలా రోజులు కుంటుతాడు. బంతి దొరక్కపోతే నాకు రాయండి, నా దగ్గరున్నది సంక్రాంతి సెలవులయ్యాక పంపిస్తాను. పిల్లల పని అయ్యాక తిరిగి పంపితే చాలు.